ఊపిరి వదిలే సీటు

పని మానేసి ఇంటిపట్టున కూర్చున్నా జనం నన్ను వదలడం లేదు. మా పేటలో ఎవరు కారు కొన్నా స్వీటు పెట్టె పట్టుకుని మా గుమ్మం ఎక్కుతారు. ఆ పెట్టె వెనకాలే ప్రశ్న కూడా వస్తుంది. "మేస్త్రి గారూ, లెదర్ వేయించమంటారా, క్లాత్ ఉంచేయమంటారా, రెగ్జిన్ చాలంటారా?" నేను స్వీటు నోట్లో వేసుకుని తిరిగి ఒకటే అడుగుతాను. "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

ఈ మాట చాలామందికి నచ్చదు. కారు కొన్నవాడు ముందు కూర్చుంటాడు, వాడికి వెనక సంగతితో పనేముంది? ముసలాడికి చాదస్తం అనుకుంటూ వెళ్ళి ఫోన్లో వీడియోలు చూసుకుంటారు. చూసుకోనివ్వండి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు మాత్రం నేనెందుకలా అడుగుతానో చెప్పాలి.

మాది దూదేకుల కుటుంబం. మా నాన్న విల్లు భుజాన వేసుకుని గుంటూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి పరుపుల దూది ఏకేవాడు. నాకు ఆ విల్లు అబ్బలేదు గానీ, మనిషి కూర్చునే చోటు మెత్తగా ఉండాలన్న పిచ్చి మాత్రం అబ్బింది. పరుపుల కొట్టు నుంచి సోఫాల షాపుకి, అక్కడి నుంచి కారు సీట్ల షాపుకి వచ్చి పడ్డాను. గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళే దారిలో ఉండేది మా షాపు. కటింగ్, ఫిట్టింగ్ నేను చూసేవాణ్ణి. మిషను మీద ఒక కుట్టు మేస్త్రి ఉండేవాడు. భారీ మనిషి, నోరు అంతకన్నా భారీ. కుట్టు మాత్రం స్కేలు పెట్టి గీత గీసినట్టుండేది. ఆ కుట్టుకి ఎవరైనా వంక పెడితే ఆ రోజంతా మా ఎవరికీ అన్నం సహించనిచ్చేవాడు కాదు. మా ఇద్దరి మీదా ఒక ఓనరు. మంచివాడే, కస్టమర్ ఏమడిగినా "అయిపోద్దండి" అనడం ఒక్కటే ఆయన జబ్బు.

మూడు రకాల సంగతీ ముందే చెప్పేస్తే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. లెదర్ అంటే చర్మం. దానికీ మనలాగే తిండి కావాలి. నూనె పట్టించకపోతే పగులుతుంది, మన ఎండల్లో ఆరుబయట నిలబెడితే ఇంకా తొందరగా పగులుతుంది. రాజధాని మాట పుట్టిన కొత్తల్లో తుళ్లూరు వైపు నుంచి వచ్చిన ప్రతి కారుకీ లెదరే కావాలన్నారు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి ఆ సీట్లు నీళ్ళు లేని చేలల్లే బీటలు వారాయి. క్లాత్ చల్లగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది. చెమటతో పాటు పాలు, సాంబారు, పిడుగురాళ్ల వాళ్ళ కారయితే సున్నం, ఏది పడితే అది పీల్చుకుని కూర్చుంటుంది. రెగ్జిన్‌ని గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే చాలు. కానీ ఎండాకాలం వీపుకి అతుక్కుని, లేచేటప్పుడు చొక్కాతో సహా పీకుతుంది. అందుకే నడుమ సన్నని చిల్లులు పొడిచిన రెగ్జిన్ అమ్ముతారు, గాలాడుతుందని. దాన్ని మేం చిల్లుల రెగ్జిన్ అనేవాళ్ళం. ఆ చిల్లులే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాయి.

అది కల్లాల్లో మిర్చి ఆరబోసే కాలం. ఆ రోజుల్లో యార్డు రోడ్డు మీద పోయే ప్రతివాడూ తుమ్ముతాడు, దగ్గుతాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ తన పనిలో పడతాడు. మాకది జబ్బు కాదు, వాతావరణం. బయటి ఊరి చుట్టం వచ్చి "ఇదేంటండీ ఇంత ఘాటు" అంటే "ఏదీ, ఎక్కడ?" అని నిజంగానే అడుగుతాం.

అలాంటి ఒక ఉదయం అద్దంకి నుంచి ఒక పురోహితుడు గారు కారు నడుపుకుంటూ వచ్చారు. పంచె, కండువా, నుదుట విభూతి, చేతిలో స్టీరింగు. ముహూర్తాల రోజుల్లో ఊళ్ళు తిరగలేక పెద్ద వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నారట. తెల్ల కారు, కొత్తది కాదు, యార్డులో ఒక మిర్చి వ్యాపారి వాడి అమ్మేసింది. వెనక సీట్లోంచి ఆయన కూతురు మెల్లగా దిగింది. సర్కారు బళ్ళో టీచరు. ఎనిమిదో నెల. చేతిలో ఇన్హేలర్ పట్టుకునే దిగింది.

"అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఆయాసం అండీ," అన్నారు పంతులు గారు. "పురుడు గుంటూరులోనే అని డాక్టరమ్మ చెప్పింది. మాటిమాటికీ ఇక్కడికి తీసుకురావాలి. బస్సుల్లో దుమ్ముకి తట్టుకోలేదని ఈ కారు కొన్నా. ఇదెక్కితే ఇంకా ఎక్కువవుతోంది. ఈ గుడ్డ సీట్లలో పాత దుమ్మేదో ఉండి ఉంటుంది. తీసిపారేసి కొత్తవి వేయండి."

"లెదర్ వేయిద్దామండి. దుమ్ము దగ్గరికే రాదు," అన్నాడు ఓనరు.

"శివశివా! ఆవు తోలు మీద కూర్చుని వెళ్ళి గోదానం చేయించమంటావా నాయనా?"

కుట్టు మేస్త్రి మిషను ఆపాడు. "మరి జింకతోలు మీద కూర్చుంటారు గదండీ మీ పెద్దలు?"

"వాళ్ళు కూర్చున్నారు. ఇప్పుడు నేను కూర్చుంటే అడవి శాఖ వాళ్ళొచ్చి ఎత్తుకుపోతారు," అని నవ్వేశారాయన. మేమూ నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వబోయి దగ్గింది.

ఇక మిగిలింది క్లాతా, రెగ్జినా. కొత్త క్లాత్ కుడదామన్నాడు కుట్టు మేస్త్రి. క్లాత్ మళ్ళీ దుమ్ము పట్టుద్ది, చిల్లుల రెగ్జిన్ వేస్తే తుడుచుకోవచ్చు, గాలీ ఆడుద్ది అన్నాను నేను. కాసేపు వాదించుకున్నాం. నేను నెగ్గాను. ఆ అమ్మాయిని మేం రంగు మాత్రం అడిగాం. "నాన్న ఇష్టం," అంది.

పాత క్లాత్ ఊడదీస్తే లోపల స్పాంజి చెక్కుచెదరకుండా ఉంది. మన పనిలో ఒక నియమం ఉంది, మీకూ చెప్పే ఉంటారు. కంపెనీ స్పాంజి బాగుంటే ముట్టుకోకు. అచ్చులో పోసి తీసింది అది, బజారు స్పాంజి కోసి ఎంత దిద్దినా ఆ కుదురు రాదు. మంచి నియమమే. ఇప్పటికీ కాదనను. "పాత కారు గదరా, ఇదీ మార్చేద్దామా?" అన్నాను ఎందుకో.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకురా? కస్టమర్ అడిగాడా? నిక్షేపంలా ఉంటేనూ," అన్నాడు కుట్టు మేస్త్రి.

"ఉంచెయ్ అన్నా," అన్నాడు ఓనరు. నేనూ నొక్కి చూసి ఊరుకున్నాను. ఘాటంటారా? యార్డు రోడ్డు మీద బతికే ముగ్గురు మనుషుల ముక్కులకి ఏ ఘాటూ తగల్లేదు. కొత్త కవరు బిగుతుగా కూర్చోవాలని అంచు వెంట కొంత స్పాంజి కోసేశాం. మెత్తగా ఉందని ఆ ముక్కని కుట్టు మేస్త్రి తన స్టూలు మీద వేసుకున్నాడు.

కారు ఇచ్చిన రోజు పంతులు గారి ఆనందం చూడాలి. సీటు మీద చెయ్యి వేసి నిమిరారు. కూతురి చెయ్యి పట్టుకుని పల్లకీ ఎక్కించినట్టు ఎక్కించారు. మేమందరం తలుపు చుట్టూ మూగాం. "ఎలా ఉందమ్మా?" అన్నారాయన. ఆమె కూర్చుని, తండ్రి మొహంలోకి చూసి, "చాలా బాగుంది నాన్నా," అంది. అంటూనే దగ్గింది. మేమూ దగ్గుతూనే ఉన్నాం గనక ఆ దగ్గుని ఎవరం పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "సాయిబు గారూ, సీట్లు బ్రహ్మాండం. అమ్మాయికి మాత్రం ఆయాసం తగ్గట్లేదండీ. దారి పొడుగునా కల్లాలేనాయె. రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకొస్తున్నా. చిలకలూరిపేట మీదుగా హైవే ఎక్కి, అద్దాలు బిగించుకుని ఏసీలో వచ్చేస్తాం."

"అదే మంచిదండీ. అద్దాలు అస్సలు దించకండి," అన్నాను నేను. పెద్ద తెలిసినవాడిలాగా.

మర్నాడు పొద్దున షట్టరు సగం ఎత్తి ఉంది. దాని కింద నుంచి ఎండ ఏటవాలుగా మిషను దాకా పడుతోంది. కుట్టు మేస్త్రి దగ్గుకుంటూ వచ్చాడు. కారు పంపించినప్పటి నుంచీ వాడికి ఆ దగ్గే. జలుబన్నాడు, పొద్దుటి పొగమంచు అన్నాడు, చివరికి భార్య పెట్టిన పెరుగన్నం మీదికి నెట్టాడు. వచ్చి స్టూలు మీద దబ్బున కూలబడ్డాడు. ఆ ఎండలో, వాడి కింద నుంచి, సన్నగా ఎర్రటి దుమ్ము లేచింది.

"ఒరేయ్, లేవరా," అన్నాను.

"ఏమైందిరా?"

"లే. లేచి మళ్ళీ కూర్చో."

"పొద్దున్నే నాతో గుంజీలు తీయిస్తావేంట్రా?" అని విసుక్కుంటూనే లేచి కూర్చున్నాడు. మళ్ళీ లేచింది దుమ్ము, వాడు మళ్ళీ దగ్గాడు. వాణ్ణి పక్కకి నెట్టి ఆ స్పాంజి ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని రెండు చేతులతో నొక్కాను. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి, గొంతు పట్టేసింది.

మా నాన్న గుర్తొచ్చాడు. మిరప కొట్లలో కాపలా పడుకునేవాళ్ళ పరుపులు ఎంత బతిమాలినా ఏకేవాడు కాదు. "దూది మరిచిపోదురా. కొట్టిన ప్రతిసారీ కక్కుద్ది, వీధి వీధంతా దగ్గుద్ది," అనేవాడు. స్పాంజి మాత్రం ఎందుకు మరిచిపోతుంది? ఆ వ్యాపారి ఏళ్ళ తరబడి మిరపకాయల శాంపిల్ సంచులు సీట్ల మీదే వేసుకుని తిరిగి ఉంటాడు. డిక్కీ వేడికి కాయ రంగు చెడుతుందని వాళ్ళలో చాలామంది అంతే చేస్తారు, పక్క సీట్లో కొన్ని, వెనక సీట్లో కొన్ని. ఆ కారమంతా క్లాత్‌లోంచి దిగి దిగి స్పాంజిలో చేరింది. పాత క్లాత్ ఉన్నన్నాళ్ళూ కొంతయినా వడగట్టింది. మేం దాన్ని పీకేసి చిల్లులది బిగించాం. మనిషి కూర్చుంటే స్పాంజిలోని గాలి బయటికి పోవాలి గదా. కింద ఇనుప రేకు, పక్కల బిగించిన రెగ్జిన్. ఇక దారి ఎక్కడుంది? ఆ చిల్లుల్లోంచి నేరుగా కూర్చున్న మనిషి మొహం మీదికే. రోడ్డు మీద ప్రతి కుదుపుకీ ఆ సీటు కమ్మరి కొలిమితిత్తిలా ఒకసారి పీల్చి ఒకసారి వదులుతుంది. పైగా అద్దాలు బిగించి ఉంటాయి. బిగించమన్నది నేను.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. పంచుకోవడానికి మాకు తీరిక లేదు. ఆ వేళకి వాళ్ళు బయల్దేరి ఉంటారు.

ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. ఎత్తరని నాకు తెలుసు. ఒక పెళ్ళిలో సూత్రధారణ వేళ ఆయన ఫోను సినిమా పాట అందుకుందట. అప్పటి నుంచీ దాని నోరు నొక్కేసి ఉంచుతానని ఆయనే నవ్వుతూ చెప్పారు. కూతురి నంబరు మా దగ్గర లేదు. కుట్టు మేస్త్రి నా మొహం చూసి బైకు తీశాడు. పానాల సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనకెక్కాను. "నువ్వూ ఫోన్ చేస్తూనే ఉండు, అంబులెన్సుకి కూడా చెప్పు," అని ఓనరు మీద అరిచాను. ఆ మనిషి మీద నేను గొంతెత్తడం అదే మొదలు. "అయిపోద్ది అన్నా," అన్నాడు పాపం, అలవాటు చొప్పున.

హైవే మీద వాడు బైకు నడిపిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఎవరి బైకు వెనకా ఎక్కబుద్ధి కాదు. ఎదురుగా వచ్చే ప్రతి తెల్ల కారూ అదేనేమోనని చూస్తూ, ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకుని రెండో చేత్తో ఫోను నొక్కుతూనే ఉన్నాను. ఒకచోట ఫోను దానంతటదే మోగింది.

"సాయిబు గారూ, ఇన్నిసార్లు చేశారేమండీ?" పంతులు గారి గొంతు వణుకుతోంది. "నేను తర్వాత మాట్లాడతా. అమ్మాయికి ఊపిరి అందట్లేదు. మందు పీల్చినా తగ్గలేదు. కారు పక్కకి ఆపా."

"ఎక్కడున్నారండీ?"

"చిలకలూరిపేట దాటాం. పక్కనే పెద్ద కల్లం. దాని ఘాటే లోపలికి కొట్టింది. ఏసీ పెంచా. ఇక్కణ్ణించి తొందరగా వెళ్ళిపోవాలి."

"పోనివ్వకండి. అమ్మాయిని కారులోంచి దించండి."

"ఏమిటీ?"

"ఘాటు బయట లేదండీ, మేం వేసిన సీట్లో ఉంది. లోపలి స్పాంజి నిండా పాత కారం. కూర్చున్న కొద్దీ వదులుతోంది. దించండి అయ్యగారూ."

"మతి ఉండే మాట్లాడుతున్నారా? కళ్ళెదురుగా ఎకరాల కొద్దీ మిరపకాయలు పరిచి ఉంటే, ఊపిరాడని పిల్లని తలుపు తీసి అందులోకి దించమంటారా? నిన్న మీరే గదా అద్దాలు దించొద్దన్నారు!"

నిన్న అన్నది నేనే, ఇవాళ అంటున్నదీ నేనే. ఆయన దేన్ని నమ్మాలి? నా దగ్గరున్న ఆధారమల్లా ఒక స్పాంజి ముక్క, కాస్త ఎండ. నేను పొరపాటు పడి ఉంటే ఆ తల్లినీ కడుపులో బిడ్డనీ నా చేతులతో నేనే కారంలోకి తోసినట్టు. కుట్టు మేస్త్రి బైకు పక్కకి తీసి ఆపాడు.

"రోడ్డుకి రెండో వైపు ఏముందండీ?" అన్నాను.

"పత్తి చేను. ఏరేసిన చేను."

"మీరొక్కరే దిగండి. మీ కండువా ఎటు ఎగురుతుందో చూసి చెప్పండి."

తలుపు చప్పుడు. ఫోనులో గాలి హోరు. "కల్లం వైపు," అన్నారు.

"అంటే గాలి పత్తి చేల మీంచి వస్తోంది. అమ్మాయిని ఆ చేలోకి తీసుకెళ్ళండి. కల్లం ఘాటు అటు రాదు."

"నా వల్ల కాదు సాయిబు గారూ," అన్నారాయన. ఏడుస్తున్నారు. "మీ మాట తప్పయితే?"

తప్పు కాదని ప్రమాణం చేసే ధైర్యం నాకు లేదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేసరికి అవతల ఇంకో తలుపు తెరుచుకున్న చప్పుడయింది. తెగిపోతున్న గొంతు ఒకటి వినిపించింది. "నాన్నా... జరుగు."

ఆ తర్వాత ఫోనులో వినిపించినవి ఇవే. లారీ హారన్, ఎండు ఆకుల మీద అడుగుల చప్పుడు, "అమ్మా, అమ్మా" అంటూ ఆయన గొంతు. గంటల కొద్దీ తడుముకోకుండా మంత్రం చెప్పే మనిషికి అంతకు మించి మాట రాలేదు. ఫోను కట్టయింది. "ఏమైందిరా?" అన్నాడు కుట్టు మేస్త్రి. "తెలీదురా, పోనీ," అన్నాను. నిజంగానే తెలీదు. ఆ మిగతా దారంతా నేను అల్లాని తలుచుకున్నాను, వాడు వాడి దేవుణ్ణి తలుచుకున్నాడు.

మేం వెళ్ళేసరికి ఆ అమ్మాయి పత్తి చేని గట్టు మీద కూర్చుని ఉంది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న కూలి ఆవిడ ఒకామె కల్లంలోంచి రోడ్డు దాటి వచ్చి సీసాతో నీళ్ళు పోస్తోంది. "నన్ను ముట్టుకోకు తల్లీ, నా చేతులు మండుతాయి. నోరు తెరువు, పైనుంచి పోస్తా," అంటోంది. ఆ అమ్మాయి గుండెల్లో పిల్లికూతలు నాకు రోడ్డు మీదికే వినిపించాయి. కానీ నీళ్ళు మింగుతోంది. మళ్ళీ మందు పీల్చింది. మమ్మల్ని చూసి తల ఊపింది. నేనూ గట్టు మీదే కూలబడ్డాను.

ఓనరు ఫోను చేసి అంబులెన్సు ఎక్కడో దూరంగా ఉందన్నాడు. ఆగి చూసే సమయం కాదు, ఆసుపత్రికి చేర్చాలి. ఎందులో? ఉన్నది ఆ కారే. అప్పటికే కుట్టు మేస్త్రి వెనక తలుపు తీసి లోపలికి వంగాడు. వెనక సీటు కింద రెండు క్లిప్పులుంటాయి, మీకు తెలుసు గదా, పైకి తన్నితే సీటు మొత్తం ఊడొస్తుంది. వాడు ఒక్క ఊపున లాగి, తను కుట్టిన ఆ సీటుని అలాగే ఎత్తి రోడ్డు పక్క గోతిలోకి విసిరేశాడు. కుట్టుకి వంక పెడితే ఊరుకోని మనిషి.

ఇప్పుడు అక్కడ ఉత్త ఇనుప రేకు. ముందు సీట్లకి బోల్టులు, పైగా వాటిలోనూ అదే స్పాంజి. నిండు మనిషిని రేకు మీద ఎలా కూర్చోబెట్టడం? పంతులు గారు పరుగున వెళ్ళి డిక్కీ తెరిచారు. పెళ్ళిళ్ళలో ఆయనకి పెట్టిన బట్టలు మూటలుగా ఉన్నాయి. మడత విప్పని పంచెలు, కండువాలు, తువ్వాళ్ళు. రేకు మీద మడత మీద మడత పేర్చాం. ఆనుకునే భాగానికి, ముందు సీట్లకి కండువాలు కూలి ఆవిడ సీసాలోని నీళ్ళతో తడిపి కప్పాం, తడి గుడ్డ దాటి దుమ్ము లేవదని. లెదరా, క్లాతా, రెగ్జినా అని అంతసేపు వాదించుకున్నామా, చివరికి ఎవరెవరి పెళ్ళిళ్ళవో బట్టల మీద ఆ తల్లి కూర్చుంది.

పంతులు గారి చేతులు స్టీరింగు పట్టే స్థితిలో లేవు. కుట్టు మేస్త్రి కారు తీశాడు. అద్దాలన్నీ దించేశాం, ఏసీ ఆపేశాం. నేను బైకు మీద వెనకే వెళ్ళాను. రోడ్డు పక్క ఎర్రటి కల్లం కనిపించినప్పుడల్లా నా గుండె ఆగినంత పనయ్యేది. ఆ అమ్మాయి మాత్రం తల కిటికీ వైపే పెట్టుకుని కూర్చుంది. కల్లం దాటాక కూడా తల అలాగే నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ గుంటూరు చేరాను.

ఆసుపత్రికి ఓనరు కూడా వచ్చి చేరాడు. వరండాలో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం. చాలాసేపటికి పంతులు గారు లోపలి నుంచి వచ్చారు. "మందు పెట్టారు. ఊపిరి అందుతోంది. లోపల బిడ్డ గుండె కూడా బాగానే కొట్టుకుంటోందిట," అన్నారు. అని నా చేతులు పట్టుకున్నారు. నేను అక్కడే ఏడ్చేశాను. సిగ్గేమీ వేయలేదు.

తర్వాత ఆ కారులో స్పాంజి అన్నది లేకుండా పీకేశాం. గోతిలోది కూడా వెళ్ళి తెచ్చాం. "షాపు వెనక తగలబెట్టేద్దాం అన్నా," అన్నాడు ఓనరు. కారం నిండిన స్పాంజిని తగలబెడతాడట! కుట్టు మేస్త్రి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఊరవతల గొయ్యి తీసి పూడ్చి వచ్చాం.

సీట్లన్నీ కొత్త స్పాంజితో, మెత్తటి క్లాత్‌తో మళ్ళీ చేసి ఉంచాం. పురుడయ్యాక, మనవరాలిని ఎత్తుకుని పంతులు గారు, ఆయన వెనక కూతురు షాపుకి వచ్చారు. ఆమె కారెక్కబోయి ఆగి, సీటు మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచింది. ఎండ పడే వైపు వంగి చూసింది. ఏమీ లేవలేదు. మళ్ళీ చరిచి మళ్ళీ చూసింది.

నేను ఆగలేక అడిగాను. "అమ్మా, ఆ రోజు నాన్నగారే నా మాట నమ్మలేదు. మీరెలా నమ్మి దిగారు?"

"నమ్మడానికేముందండీ. సీట్లోంచి లేస్తే తేలికయ్యేది, కూర్చుంటే మళ్ళీ మొదలయ్యేది. మొదటి రోజే తెలిసింది. ఇక్కడే, మీ షాపు ముందే."

"మరి అప్పుడే చెప్పలేదేమ్మా?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన ఓనరుకి పాపని చూపిస్తూ మురిసిపోతున్నారు. "ఆ రోజు నాన్న మొహం చూశారు గదా. నా కోసం కొన్న కారు. మీరందరూ చుట్టూ నిలబడి ఎలా ఉంది, ఎలా ఉంది అంటుంటే, బాలేదని ఎలా చెప్పమంటారు?" అంది.

మేం అడగలేదని కాదు, అడిగాం. ఒకే ఒక్క జవాబు వచ్చేలా అడిగాం.

ఆమె ఎక్కి కూర్చుంది. వెనక్కి ఆనుకుంది, ముందుకి జరిగింది, గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. పంతులు గారు పాపని భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వచ్చారు. "ఎలా ఉందమ్మా?" అన్నారు.

ఆమె మళ్ళీ ఒకసారి వెనక్కి ఆనుకుంది. "బాలేదు నాన్నా. నడుం దగ్గర ఒత్తుతోంది," అంది.

నేను భయంభయంగా కుట్టు మేస్త్రి వైపు చూశాను. వాడు అప్పటికే కత్తి తీసుకుని కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దిగమ్మా, కోసి సరిచేస్తా. సరిపోకపోతే మళ్ళీ చెప్పు," అన్నాడు.

పంతులు గారు కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతున్నారు. ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పారు, నా దగ్గరికి వచ్చి చెప్పారు, చివరికి భుజం మీది పాపకి కూడా చెప్పారు. "బాలేదంది, విన్నారా? మా అమ్మాయి బాలేదంది!"